కరెంటా, కాపడమా, కసరత్తా? కీళ్ల నొప్పికి ఏ ఫిజియో ఎప్పుడు

మూడేళ్ల కిందట నా కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే ముందు కుడి చెయ్యి దూర్చాలి, ఆ తర్వాతే ఎడమది. వరస తప్పితే ప్రాణం పోయేది. వెనక జేబులో పర్సు పెట్టుకోవడం మానేశాను. క్లినిక్‌కి వెళ్తే బల్ల మీద పడుకోబెట్టి, భుజానికి ప్యాడ్లు అంటించి పావుగంట కరెంటు పెట్టారు. తర్వాత జెల్ రాసి అల్ట్రాసౌండ్ తిప్పారు. అలా పది సిట్టింగులు. బల్ల దిగేటప్పుడు హాయిగానే ఉండేది, ఇంటికి చేరేసరికి కథ మామూలే. పదో రోజు కూడా చెయ్యి వెనక జేబు దాకా పోలేదు.

తర్వాత చూపించుకున్న ఫిజియో మెషిన్ జోలికే పోలేదు. చెయ్యి ఎటు ఎంతవరకు తిరుగుతోందో కొలిచి, మూడు ఎక్సర్‌సైజులు నేర్పి, ఇంజెక్షన్ సంగతి ఒకసారి ఎముకల డాక్టర్‌తో మాట్లాడి రమ్మన్నారు. రెండు చోట్లా జరిగింది ఫిజియోథెరపీయే. అందుకే ఎవరైనా "ఫిజియో చేయించుకున్నాను, లాభం లేదు" అంటే ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఎవరు చేశారు? వాళ్లు మీకు చేశారా, మీరు చేశారా?

ఈ తేడా తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం మీ నొప్పి ఏ రకం, ఎన్నాళ్ల నాటిది అన్న దాని మీద ఉంటుంది.

మెషిన్, చెయ్యి, కసరత్తు

మెషిన్లతో మొదలుపెడతాను, జనం ఎక్కువగా అడిగేవి అవే కాబట్టి. టెన్స్ అన్నా, ఐఎఫ్‌టి అన్నా మన మాటలో కరెంటు పెట్టడమే. మోచెయ్యి గోడకి కొట్టుకుంటే వెంటనే రెండో చేత్తో గట్టిగా రుద్దుకుంటాం కదా, అలా రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుందో 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ఒక సిద్ధాంతంగా చెప్పారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉందనీ, స్పర్శ కబుర్లు గుంపుగా వస్తే నొప్పి కబురు లోపలికి పోవడం తగ్గుతుందనీ. టెన్స్ వెనక ఉన్న ఆలోచన అదే. కరెంటు నడుస్తున్నంతసేపూ, ఆపాక కాసేపూ నొప్పి మందగించవచ్చు. అంతే. కండరానికి బలం రాదు, బిగిసిన కీలు వదలదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి అల్ట్రాసౌండ్, టెన్స్, ఇంటర్‌ఫెరెన్షియల్ కరెంటు (పైన చెప్పిన ఐఎఫ్‌టి), ట్రాక్షన్ (నడుముని లాగి పట్టడం) ఇవ్వవద్దని నేరుగానే రాసింది. వాడితే ప్రమాదమని కాదు, చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదని. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా కరెంటు పెట్టించుకోకూడదు.

కాపడం సంగతి కాస్త వేరు. కొత్తగా పట్టేసిన నడుముకి వేడి కాపడం మంచిదేనని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2017లో ఇచ్చిన సూచనల్లోనూ ఉంది. దానికి క్లినిక్ దాకా పోవాల్సిన పనిలేదు, ఇంట్లో వేడినీళ్ల సంచి చాలు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం పాదాలకి కాపడం పెట్టుకోకూడదు. కాలినా తెలియదు.

చేత్తో చేసేవి, అంటే మసాజ్, కీలుని మెల్లగా కదిలించడం, టక్కున విరిచినట్టు తిప్పడం, మెషిన్ కన్నా ఒక మెట్టు పైనే అంటాను. నొప్పి కొన్ని గంటలో కొన్ని రోజులో తగ్గితే ఆ సందులో కసరత్తు చేసుకోవచ్చు. తెలివైన ఫిజియో పనితనం అక్కడే తెలుస్తుంది. పది నిమిషాలు చేత్తో వదులు చేసి, మిగతా అరగంట మీ చేత కదిలిస్తారు. మెడని టక్కున తిప్పే పద్ధతి మాత్రం నేను చేయించుకోను. మెడలో మెదడుకి పోయే రక్తనాళం చిరగడం అరుదే కావచ్చు గానీ, జరిగితే పక్షవాతం దాకా పోతుంది. అదే ఉపశమనం మెల్లగా కదిలించినా వస్తుంటే అంత సాహసం ఎందుకు?

ఇక కసరత్తు. బోరు కొడుతుంది, మొదట్లో నొప్పి కూడా పెడుతుంది, ఫలితం కనబడడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మార్కెట్లో అమ్ముడుపోని సరుకు. అయినా దీర్ఘకాలపు కీళ్ల, కండరాల నొప్పుల్లో నిలిచే ఫలితం ఇచ్చేది ఎక్కువగా ఇదే.

ఫిజియో కన్నా ముందు డాక్టర్ దగ్గరికి

పోల్చుకోవడాలన్నీ ఆపి నేరుగా ఆస్పత్రికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. నడుం నొప్పితో పాటు మూత్రం బిగబట్టినట్టు అవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల మధ్య తిమ్మిరెక్కడం. ఇది గంటలతో పని, తెల్లారేదాకా ఆగకూడదు. పాదం పైకి లేవకుండా వేలాడిపోతున్నా అంతే. జ్వరంతో ఒక కీలు ఎర్రగా, వేడిగా వాచినా అంతే. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే అది రక్తం గడ్డ కావచ్చు, దాని మీద మసాజ్ అసలు వద్దు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లకి కొత్తగా ఎముక నొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు పరీక్షలు చేయించుకోవాలి. పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోయి అరగంట దాటినా వదలకపోతే, వేళ్ల కణుపులు వాస్తుంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి మందులు ముందు, కసరత్తు ఆ వెనక.

మోకాలు: అరిగిందని కూర్చోవద్దు

"గుజ్జు అరిగిపోయింది" అన్న మాట వల్ల జరిగినంత నష్టం నిజంగా అరగడం వల్ల జరిగిందో లేదో నాకు అనుమానమే. ఆ మాట వినగానే మనిషి కాలుని టైరులాగా ఊహించుకుంటాడు. ఎంత తక్కువ తిరిగితే అంత మన్నిక అనుకుని కూర్చుంటాడు. కీలులోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. మీరు అడుగు వేసినప్పుడు నొక్కుకుని, తీసినప్పుడు వదులై, చుట్టూ ఉన్న ద్రవంలోంచే పోషణ తీసుకుంటుంది. కదలని మోకాలికి అదీ సరిగ్గా అందదు, పైగా తొడ ముందు కండరం సన్నబడి, ఆ కండరం మోయాల్సిన భారం కూడా కీలు మీదే పడుతుంది.

ఇక్కడ మీ ముందు ఉండే దారులు: తొడ, పిరుదు కండరాలకి బలం పెంచే కసరత్తులు, నడక, సైకిల్, నీళ్లలో వ్యాయామం, నీ క్యాప్ (మోకాలికి తొడిగే పట్టీ), ఇంజెక్షన్, ఆపరేషన్. మొదటి నాలుగింట్లో ఏది గొప్పదన్న వాదన అనవసరం. మీరు మూడు నెలలు మానకుండా చేయగలిగేదే మీకు గొప్పది. నిలబడితేనే భరించలేనంత నొప్పి ఉంటే సైకిల్‌తోనో నీళ్లలోనో మొదలుపెట్టండి. శరీర బరువు మోకాలి మీద అంతగా పడదు. నొప్పి కాస్త దిగాక కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఆ తర్వాత మెట్లు. డెన్మార్క్‌లో 2013లో మొదలైన ఒక కార్యక్రమం ఇదే దారిలో నడుస్తుంది. రెండు క్లాసుల్లో జబ్బు గురించి చెబుతారు, పన్నెండు సార్లు ఫిజియో ఎదుట కసరత్తు చేయిస్తారు, మిగతాది మీ ఇష్టం. తర్వాత చాలా దేశాలు దాన్ని అందుకున్నాయి.

బరువు ఎక్కువ ఉన్నవాళ్లకి ఒక లెక్క చెప్పాలి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం తేల్చింది. అయిదు కిలోలు తగ్గితే రోజంతా వేసే అడుగులకి ఎంతవుతుందో మీరే చూసుకోండి.

ఆపరేషన్ గురించి. అరిగిన మోకాలిలో దూర్బీను పెట్టి కడిగి శుభ్రం చేసే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. 2002లో 180 మంది మీద పరీక్ష చేశారు. కొందరికి నిజంగా చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు. రెండేళ్లు చూసినా ఇద్దరి నొప్పిలో తేడా రాలేదు. అరిగిన కీలుతో పాటు మెనిస్కస్ (మోకాలి లోపల కుషన్‌లా ఉండే మెత్తని పొర) చిరిగిన నడివయసు దాటినవాళ్ల మీద 2013లో ఇంకో పరీక్ష వచ్చింది, 351 మందితో. ఆపరేషన్ ముందే చేయించుకున్నవాళ్లూ, ఫిజియోతో మొదలుపెట్టినవాళ్లూ ఆరు నెలలకి దాదాపు ఒకే మెరుగు చూపించారు. ఫిజియో వాళ్లలో నూటికి ముప్పై మంది మధ్యలో ఆపరేషన్‌కి మారారు, ఆ సంగతీ దాచకూడదు. నాకు అర్థమైనంతలో, ఫిజియోతో మొదలుపెడితే పోయేది ఏమీ లేదు, ఆపరేషన్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆటలో మోకాలు మెలిపడి చాచడానికే రాకుండా లాక్ అయిపోయిన కుర్రాడి సంగతి వేరు, అతను సర్జన్‌ని వెంటనే చూడాలి. అలాగే నెలల తరబడి కసరత్తు నిజాయితీగా చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే కీలు మార్పిడి మంచి వైద్యమే. దాన్ని ఓటమిలా చూసి ఏళ్లు బాధపడేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

నీ క్యాప్ బయటికి వెళ్లేటప్పుడు ధైర్యానికి పనికొస్తుంది. పొద్దస్తమానం అక్కర్లేదు.

భుజం: రెండు నొప్పులు, ఒకే పేరు

భుజం నొప్పిలో ముందు తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, తొంభై డిగ్రీలు మడిచి, అరచేతిని బయటికి తిప్పండి. మీకు రాకపోతే ఇంకొకరిని మెల్లగా తిప్పమనండి. వాళ్లు తిప్పినా ఒక చోట గోడ తగిలినట్టు ఆగిపోతే ఫ్రోజెన్ షోల్డర్, అంటే కీలే బిగుసుకుపోవడం, అయ్యే అవకాశం ఎక్కువ. వాళ్లు తిప్పితే వెళ్తోంది, మీరు ఎత్తితేనే నొప్పి అంటే చాలాసార్లు అది రొటేటర్ కఫ్, అంటే భుజం చుట్టూ ఉండే టెండన్ల (కండరాన్ని ఎముకకి కట్టిపెట్టే తాళ్ల లాంటివి) గొడవ. ఇంట్లో చేసే ఈ పరీక్షతోనే తీర్పు ఇచ్చేసుకోకండి, ఒక ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది.

టెండన్ గొడవైతే కసరత్తు దాదాపు ఖాయమైన ఎంపిక. తేలిక బరువుతోనో రబ్బరు బ్యాండుతోనో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ పోవడమే. పైన ఎముక టెండన్‌ని ఒరుసుకుంటోందని దాన్ని చెక్కే ఆపరేషన్ లక్షల మందికి జరిగింది. 2018లో బ్రిటన్‌లో నకిలీ ఆపరేషన్‌తో పోల్చి చూస్తే చెక్కినా చెక్కకపోయినా ఫలితం ఒకటేనని తేలింది.

ఫ్రోజెన్ అయితే ఏ దశలో ఉన్నారన్నదే అసలు ప్రశ్న. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుంది. మొదటి నెలల్లో నొప్పి మంటలా ఉంటుంది, రాత్రిళ్లు ఆ పక్కకి తిరగలేరు. ఆ దశలో చెయ్యి పట్టుకుని బలవంతంగా పైకి లాగే ఫిజియో దొరికితే మర్యాదగా దండం పెట్టి వచ్చేయండి, నొప్పి ఇంకా రేగుతుంది. అప్పుడు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్, దానితో పాటు మెల్లని ఊపులు, ఇది మంచి జోడీ. షుగర్ ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి ముందే చెప్పాలి. నొప్పి తగ్గి బిగుతు మాత్రమే మిగిలిన దశలో సాగదీత గట్టిగా చేయొచ్చు. 2020లో 503 మంది మీద మూడు దారులు పోల్చారు: ఇంజెక్షన్‌తో పాటు పద్ధతిగా ఫిజియో, మత్తు ఇచ్చి భుజం తిప్పేయడం, దూర్బీనుతో కీలు చుట్టూ ఉన్న సంచిలాంటి పొరని కోసి వదులు చేయడం. ఏడాదికి ఏదీ మిగతా రెండింటి కన్నా చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు. అలాంటప్పుడు కోత లేనిదానితో మొదలుపెట్టడమే నయం. నేను అదే చేశాను. వెనక జేబు దాకా చెయ్యి వెళ్లడానికి తొమ్మిది నెలలు పట్టింది.

మోచేతికి ఇంజెక్షన్, మడమకి టవల్

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఫ్రోజెన్ షోల్డర్‌కి మేలు చేసే ఆ ఇంజెక్షనే టెన్నిస్ ఎల్బోలో ఎదురు తిరుగుతుంది. మోచెయ్యి బయటి పక్క, గ్లాసు ఎత్తినా తలుపు పిడి తిప్పినా పోటు పెట్టే నొప్పి అది. ఇంజెక్షన్ చేయించుకుంటే కొన్ని వారాలు అద్భుతం. 2013లో 165 మంది మీద వచ్చిన అధ్యయనంలో ఏడాదిలోగా నొప్పి తిరగబెట్టింది స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 54 శాతానికి, ఉత్తి సెలైన్ తీసుకున్నవాళ్లలో 12 శాతానికి. వచ్చే వారం పెళ్లిలో చేతులు ఊపాలంటే ఇంజెక్షన్, వచ్చే ఏడాది బాగుండాలంటే మణికట్టుకి బరువుతో మెల్లని కసరత్తు.

మడమ నొప్పికి, పొద్దున మంచం దిగగానే మొదటి అడుగు ముల్లు గుచ్చినట్టుండే దానికి, ఇద్దరు పోటీదారులు ఉన్నారు: పాదం అడుగు సాగదీయడం, లేదా బరువు మోయించడం. టవల్ చుట్టి కాలివేళ్ల కింద పెట్టి, ఒంటికాలి మీద మడమని మెల్లగా ఎత్తి దించడం రెండో పద్ధతి, రోజు విడిచి రోజు. 2015లో ఈ రెంటినీ పోల్చిన డెన్మార్క్ అధ్యయనంలో మూడు నెలలకి ఎత్తినవాళ్లే ముందున్నారు, ఏడాదికి ఇద్దరూ సమానమయ్యారు. తొందర ఉంటే టవల్. మడమ వెనక టెండన్ నొప్పి అయితే మెట్టు అంచున నిలబడి మడమ దించే కసరత్తు, 1998లో స్వీడన్ సర్జన్ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం రాసిన మోతాదు ఇప్పటికీ చలామణిలో ఉంది: మోకాలు చాచి ఒకటి, కాస్త మడిచి ఒకటి, ఒక్కో రకం పదిహేనేసి చొప్పున మూడు సార్లు, పూటకొకసారి రోజుకి రెండు పూటలు, పన్నెండు వారాలు. అంత మోత అందరికీ అవసరం పడదు.

చీలమండ బెణికితే ముందు నాలుగు అడుగులు వేయగలరేమో చూడండి. వేయలేకపోయినా, గిలక వెనక అంచున ఎముక మీద నొక్కితే నొప్పున్నా ఎక్స్‌రే. ఎముక బాగుంటే రెస్టు, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అన్న పాత సూత్రంలో రెస్టుని రెండు మూడు రోజులకే పరిమితం చేయండి. ఆ సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ తానే 2014లో, ఐస్, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని మాట మార్చుకున్నాడు. ఐస్ నొప్పికి కాసేపు చాలు. మళ్లీ మళ్లీ బెణక్కుండా కాపాడేది ఒంటికాలి మీద నిలబడే బ్యాలెన్స్ సాధన. నొప్పి పోగానే అందరూ ఎగ్గొట్టేది కూడా అదే.

నడుము: స్కాన్ చదివి భయపడకండి

నడుం పట్టేసిన మొదటి వారంలో పెద్ద ఎంపికలేమీ లేవు. కాపడం, ఓర్చుకోగలిగినంత నడక, మంచం మీద వీలైనంత తక్కువ. చాలామందికి కొన్ని వారాల్లో అదే దిగుతుంది. చిక్కల్లా ఎంఆర్ఐ చేతికొచ్చాక మొదలవుతుంది. "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని దిండు ఉబ్బడం) అన్న రెండు మాటలతో మనిషి వంగడం మానేస్తాడు. 2015లో అచ్చైన ఒక సమీక్షలో ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లు చూస్తే, ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతానికి డిస్క్ ఉబ్బు ఉంది, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతానికి. తల నెరిసినట్టే లోపల డిస్కూ నెరుస్తుంది.

నెలలు దాటిన నొప్పికి పైలేట్స్, యోగా, కోర్ (పొట్ట, నడుము కండరాల) కసరత్తులు, నొప్పి తగ్గించే దిక్కుకి పదే పదే వంగే మెకెంజీ పద్ధతి అన్నీ ఉన్నాయి. వాటి మధ్య తేడా వాటిని నేర్పేవాళ్లు చెప్పుకునేంత లేదు. కాలిలోకి దిగే నొప్పి ఒక దిక్కుకి వంగితే నడుములోకి వెనక్కి వస్తోందంటే మాత్రం మెకెంజీ తెలిసిన ఫిజియోని చూడడం దండగ కాదు. ఇంకేదీ తేల్చుకోలేకపోతే నడవండి. ఆస్ట్రేలియాలో 701 మంది మీద చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, తగ్గిన నడుం నొప్పి మళ్లీ తిరగబెట్టడానికి మామూలుగా ఉన్నవాళ్లకి సగటున 112 రోజులు పడితే, ఫిజియో సలహాతో నడక పెంచుకుంటూ పోయినవాళ్లకి 208 రోజులు పట్టింది. బెల్టు బరువులెత్తే రోజుకి సరే, నిద్రలోనూ కట్టుకుని ఉండడం అలవాటు చేసుకోవద్దు.

క్లినిక్, ఇల్లు, వీడియో

ఆపరేషన్ అయినవాళ్లు, పడిపోతామన్న భయం ఉన్న పెద్దవాళ్లు, కదలాలంటేనే టెన్షన్ పడేవాళ్లు మొదట్లో మనిషి ఎదుటే చేయాలి. మిగతావాళ్లకి మూడు నాలుగు సార్లు నేర్చుకుని ఇంట్లో చేసుకుని, రెండు మూడు వారాలకొకసారి చూపించుకోవడం సరిపోతుంది. వీడియో కాల్ మీద ఫిజియో ఫర్వాలేదు, ముందు ఒక్కసారైనా ఎదుట చూపించుకున్నాక. యూట్యూబ్ వీడియో మాత్రం మీ మోకాలిని చూడలేదు.

కొత్త ఫిజియో దగ్గర నేను అడిగేవి: ఇది ఏ కండరానికి, ఎన్ని వారాలకి ఏం మార్పు రావాలి, రాకపోతే ఏం మారుస్తారు? సమాధానం చెప్పకుండా ఇరవై సిట్టింగుల ప్యాకేజీ చేతిలో పెడితే బయటికి వచ్చేస్తాను.

కసరత్తులో నొప్పి వస్తే ఆపాలా అని అందరూ అడుగుతారు. నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. అయిదు లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి వస్తే అదే మోతాదు కొనసాగించవచ్చు. మర్నాడు కూడా ఎక్కువే ఉంటే మోతాదు సగం చేయండి, పూర్తిగా మానేయకండి.

లాభం ఉందో లేదో నొప్పి ఒక్కదాన్నే బట్టి చెప్పడం కష్టం, అది రోజుకో తీరున ఉంటుంది. చేతులు గుండెల మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో ఇవాళ లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయండి. ఆరు వారాల తర్వాత అదే కుర్చీలో మళ్లీ లెక్కపెట్టండి.